కోట పక్కన, కోత లేకుండా: ఒక ఫిజియోథెరపీ కేంద్రం మీద నా మాట

ముందు ఇబ్బందులు చెప్పేస్తాను, మెచ్చుకోలు తర్వాత. మెట్లు ఇరుకు. కింద స్టీలు సామాన్ల దుకాణం వాళ్లు బిందెలు మూడో మెట్టు దాకా పేర్చి పెడతారు. భుజం పట్టుకుని వచ్చినవాడు పక్కకు తిరిగి, ఆ భుజమే గోడకు రాసుకుంటూ ఎక్కాలి. బండి నిలపడానికి చోటు లేదు. సాయంత్రం ఆరు దాటితే కుర్చీ దొరకదు. ఫోను చేస్తే ఎత్తరు, మరుసటి రోజు వాళ్లే చేసి ‘ఎవరండీ’ అని అడుగుతారు. ఇన్ని చెప్పాక కూడా, విసిరే ఆటలు ఆడి భుజం పాడు చేసుకున్నవాళ్లు ఎవరైనా విజయనగరంలో ఎక్కడికి వెళ్లాలని నన్ను అడిగితే ఆ మెట్లే ఎక్కమంటాను.

కోట నుంచి నడిస్తే ఐదు నిమిషాలు. పేరు రాయడం లేదు. రాయొద్దని నడిపే అమ్మాయే అడిగింది, ఉన్నవాళ్లకే సమయం చాలడం లేదట. కావలసినవాళ్లు అడిగితే దారి చెబుతాను. ఇది ఆసుపత్రి కాదు. రెండు గదులు, మూడు మంచాలు, గోడకు ఒక నిలువుటద్దం, కిటికీ ఊచలకు కట్టిన రంగురంగుల రబ్బరు పట్టీలు, మూలన ఒక ప్లాస్టిక్ భుజం బొమ్మ. అంతే.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తపాలా శాఖలో ఉద్యోగం, వయసు 53. వెటరన్స్ పోటీల్లో ఈటె విసురుతాను. ఈ వయసులో ఎందుకండీ అని అడిగేవాళ్లకు జవాబివ్వడం ఎప్పుడో మానేశాను. యాభై నుంచి అరవై లోపు మగవాళ్లకు ఈటె బరువు 700 గ్రాములు, కుర్రవాళ్లు విసిరేదాని కంటే వంద గ్రాములు తక్కువ. ఆ రాయితీ రూలు పుస్తకానికి తెలుసు కానీ భుజానికి తెలియదు.

నొప్పి ఒక్క చోటే వచ్చేది. పరుగు అయిపోయి, ఎడమ కాలు నేల మీద పడి, ఈటె పట్టిన చెయ్యి పూర్తిగా వెనక్కి వాలిన క్షణంలో భుజం వెనుక, బాగా లోపల, సూది దిగినట్టు పోటు. అన్నం తినడానికి, చొక్కా తొడుక్కోవడానికి, ఆఫీసులో ముద్ర వేయడానికి ఏ ఇబ్బందీ లేదు. అందుకే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. విసిరితేనే నొప్పి అయితే విసరడం మానేస్తే సరి కదా అని మా ఆవిడ తీర్పు. వైద్యపరంగా ఆ తీర్పులో తప్పేమీ లేదు, నాకు పనికిరాదు అంతే.

ఈ కేంద్రానికి రాకముందు ఇంకో చోట కాపడం పెట్టించుకున్నాను, కరెంటు పెట్టించుకున్నాను. పది రోజుల ప్యాకేజీ అన్నారు. మంచం మీద పడుకుని సీలింగు ఫ్యాను చూస్తూ హాయిగానే గడిచింది. అక్కడ ఒక్కసారైనా నా చెయ్యి ఎత్తి చూసినవాళ్లు లేరు. ప్యాకేజీ అయ్యాక మైదానంలోకి వెళ్లి విసిరితే అదే పోటు, అదే చోట. ఆ తర్వాత విశాఖలో ఎముకల డాక్టరు ఎమ్మారై తీయించారు. కాగితంలో రెండు మాటలు ఉన్నాయి: కీలు గిన్నె అంచున ఉండే లాబ్రమ్ పైభాగం చీలింది, భుజం పైకండరం టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) కింది వైపు కొంత చిరిగింది. చిన్న రంధ్రాలు చేసి లోపల సరిచేయవచ్చు, తొందరేమీ లేదు, మూడు నెలలు వ్యాయామ చికిత్స చేసి చూసి రండి అన్నారాయన. మంచి మాటే చెప్పారు. బయటికి వచ్చాక నా చెవిలో మిగిలింది మాత్రం ‘చీలింది’, ‘చిరిగింది’ అన్న రెండు మాటలే. మా వీధిలో ఒక పెద్దమనిషి, నీరజ్ చోప్రాకు కూడా ఆపరేషన్ చేశాకే కదా పతకం వచ్చింది అని ధైర్యం చెప్పాడు. 2019లో నీరజ్‌కు ఆపరేషన్ జరిగింది మోచేతికి. నాది భుజం. కీలు మారినా సామెత ఒకటే అనుకునేవాళ్లతో వాదించలేం.

ఇప్పుడు అసలు విషయం. ఈ కేంద్రంలో మొదటి రోజు గంటకు పైగా పట్టింది, అందులో చికిత్స అన్నది ఏమీ లేదు. మొత్తం కొలతలే.

ఆ నడిపే అమ్మాయి నా చొక్కా విప్పించి, వీపు తన వైపు ఉండేలా నిలబెట్టి, రెండు చేతుల్లో రెండు నీళ్ల సీసాలు ఇచ్చి నెమ్మదిగా పైకెత్తి నెమ్మదిగా దించమంది. మళ్లీ మళ్లీ. వెనుక నుంచి ఫోనులో వీడియో తీసింది. తర్వాత చూపిస్తే నాకే ఆశ్చర్యం వేసింది. చేతులు పైకి వెళ్లేటప్పుడు రెండు రెక్క ఎముకలూ ఒకేలా కదిలాయి. దించేటప్పుడు ఎడమది వీపుకు అతుక్కుని దిగింది, కుడిది లోపలి అంచు పైకి లేచి తలుపు రెక్కలా తెరుచుకుంది. ఇన్నేళ్లలో నా వీపు నేను చూసుకున్నది లేదు. చూసి చెప్పినవాళ్లు కూడా లేరు.

తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టింది. చెయ్యి పక్కకు చాపి, మోచెయ్యి మడిచి, ముంజేతిని కప్పు వైపు నిలబెట్టింది. భుజం ముందు భాగాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని, ముంజేతిని తల వైపు, అంటే బయటికి, ఎంత వాలుతుందో, కాళ్ల వైపు, అంటే లోపలికి, ఎంత వాలుతుందో కోణమానితో చూసింది. రెక్క ఎముక కాస్త లేచినా సరే ఆపేసి మొదటి నుంచి కొలిచింది. ఆ అదుముడు లేకపోతే అంకె అబద్ధం చెబుతుందట. కుడి చెయ్యి బయటికి 104 డిగ్రీలు, లోపలికి 34. ఎడమది బయటికి 92, లోపలికి 62.

నేను వెంటనే, లోపలికి సగమే తిరుగుతోందా, అదేనా జబ్బు అన్నాను. కాదంది. విసిరేవాళ్ల చెయ్యి బయటికి ఎక్కువ, లోపలికి తక్కువ తిరగడం మామూలేనట. బడి వయసు నుంచి విసిరినవాళ్లకు చేతి ఎముకే ఎదిగేటప్పుడు కొంచెం వెనక్కి మెలి తిరిగి ఉంటుంది, దాన్ని ఏ వ్యాయామమూ మార్చలేదు, మార్చనక్కర్లేదు. చూడవలసింది రెండూ కలిపిన మొత్తం. ఎడమ చేతికి 154, కుడి చేతికి 138. ఈ రెండు మొత్తాలూ దాదాపు ఒకటిగా ఉండాలి, ఐదు డిగ్రీల తేడా వరకు పట్టించుకోరు. నాకు పదహారు. అంటే ఎముక మెలికతో పాటు, కీలును చుట్టి ఉండే సంచి వెనుక భాగం, వెనుక కండరాలు బిగుసుకుపోయాయన్నమాట. ఎముక జోలికి వెళ్లలేం, బిగుసుకున్నదాన్ని సాగదీయవచ్చు. నాకు ఈ లెక్క బాగా నచ్చింది. తపాలా ఉద్యోగిని కదా, కూడితే సరిపోయే లెక్కలంటే నమ్మకం.

బలం కొలిచిన పద్ధతి మరీ నచ్చింది. సామాను తూచే కొక్కెం త్రాసు, అంకెలు కనిపించేది, విమానం ఎక్కేవాళ్లు సంచీలు తూచుకునేది, దాన్ని కిటికీ ఊచకు తగిలించి, పట్టీ నా మణికట్టుకు వేసి లోపలికి లాగమంది, తర్వాత బయటికి లాగమంది. లోపలికి 14 కిలోలు, బయటికి ఏడున్నర. లోపలికి లాగే బలంలో బయటికి లాగే బలం మూడింట రెండు వంతులకు తగ్గకూడదట. నాది సగం దగ్గరే ఉంది. చెయ్యిని ముందుకు విసరడానికి ఛాతీ కండరాలు, వీపు వెడల్పు కండరాలు, ఇంత పెద్దవి పనిచేస్తాయి. విసిరాక ఆ చెయ్యిని ఆపడానికి భుజం వెనుక ఉన్న అరచేతి వెడల్పు కండరాలు రెండు మూడే దిక్కు. బేస్‌బాల్ విసిరేవాళ్ల భుజం సెకనుకు ఏడు వేల డిగ్రీలకు పైగా వేగంతో లోపలికి తిరుగుతుందని కొలిచారు. మనిషి ఒంట్లో అంతకు మించిన వేగం ఇంకెక్కడా కొలవలేదట. నా ఈటెకు అంత వేగం లేదనుకోండి, అయినా బ్రేకులు సగమే ఉన్న సంగతి మాత్రం నిజం.

అప్పుడు ఎమ్మారై కాగితం తీసి ముందు పెట్టాను. మరి ఈ చిరుగు సంగతేమిటమ్మా అని. ఆమె ప్లాస్టిక్ బొమ్మ తెచ్చి విడదీసి చూపించింది. చేతి ఎముక తల పెద్దది, దాన్ని పట్టుకోవలసిన గిన్నె చిన్నది, లోతు లేనిది. ప్రమిద మీద నిలబెట్టిన కొబ్బరికాయలా ఉంది. ప్రమిద అంచు చుట్టూ మెత్తటి గట్టు లాబ్రమ్. కాయ జారకుండా ముందు, పైన, వెనుక నుంచి పట్టుకునేవి నాలుగు చిన్న కండరాలు, వాటినే రొటేటర్ కఫ్ అంటారు. చెయ్యి వెనక్కి పూర్తిగా వాలినప్పుడు ఆ కఫ్ కింది వైపు గిన్నె వెనుక అంచుకు తగులుతుంది. విసిరే ప్రతివాడికీ తగులుతుంది. వెనుక సంచి బిగిసి, రెక్క ఎముక సరిగ్గా వాలకపోతే ఆ తగలడం నలగడం అవుతుంది. నా పోటు అక్కడిది.

చిరుగుల గురించి ఆమె చెప్పినది నాకు అన్నిటికంటే పనికొచ్చింది. చెయ్యి తల మీదికెత్తి ఆడే ఆటగాళ్లలో ఏ నొప్పీ లేనివాళ్లను ఇరవై మందిని ఎంచుకుని ఎమ్మారై తీశారట, 2003లో వచ్చింది ఆ పరిశోధన. ఆడే చేతి వైపు ఎనిమిది మందికి కఫ్‌లో చిరుగు కనిపించింది. రెండో చేతి వైపు ఒక్కరికీ లేదు. ఐదేళ్ల తర్వాత మళ్లీ అడిగితే వాళ్లలో ఎవరికీ భుజం ఇబ్బంది రాలేదు. అంటే కాగితంలో ఉన్న చిరుగూ, భుజంలో ఉన్న నొప్పీ ఒకటే కావాలని లేదు. ‘మీ చిరుగు కొత్తదో, ఇరవై ఏళ్ల నాటిదో ఈ ఫోటో చెప్పదు సార్. మీ బిగుతు, మీ బలహీనత మాత్రం ఈ రోజు కొలిచాం. ముందు కొలిచినదాన్ని బాగుచేద్దాం’ అంది. ఎక్కడా ఆపరేషన్ వద్దనలేదు. మూడు నెలలు నిజాయతీగా చేశాక అంకెలు మారి నొప్పి మారకపోతే విశాఖ వెళ్లి ఆ డాక్టరుగారినే కలవమంది, ఉత్తరం తనే రాసి ఇస్తానంది. విసిరేవాళ్ల లాబ్రమ్ కుట్టిన తర్వాత అందరూ పాత స్థాయికి రారు, కుట్టు బాగానే అతుక్కున్నా చెయ్యి వెనక్కి వాలడం తగ్గిపోవచ్చు అని కూడా చెప్పింది. ఈ మాట ముందే చెప్పేవాళ్లు తక్కువ.

చికిత్స మొదలయ్యాక తెలిసింది, ఇక్కడ మన మీద చేసే పని తక్కువ, మన చేత చేయించే పని ఎక్కువ. మూలన ఒక కరెంటు మిషను ఉంది, దాని మీద ఎప్పుడూ తువాళ్లు ఆరేసి ఉంటాయి. మొదటి వారాల్లో భుజం వెనుక చేత్తో కాసేపు సాగదీసేది. మిగతాదంతా ఇంటి పాఠం. చెయ్యిని ఛాతీకి అడ్డంగా తెచ్చి రెండో చేత్తో లాగి అరనిమిషం ఉంచడం, రెక్క ఎముక కదలకుండా గోడకు ఆనుకుని. పక్కకు పడుకుని మోచేతి కింద మడిచిన తువాలు పెట్టి బరువును బయటికి ఎత్తడం, ఎత్తడానికి ఒక అంకె, దించడానికి నాలుగు అంకెలు. గోడకు చేతులు ఆనించి, మోచేతులు వంచకుండా వీపును వెనక్కి నెట్టడం, అది రెక్క ఎముకను పట్టి ఉంచే కండరానికి. బోర్లా పడుకుని చేతులు పక్కకు, తర్వాత ఏటవాలుగా పైకి ఎత్తడం. రబ్బరు పట్టీతో బయటికి లాగడం.

బరువు ఎంత అని అడిగితే అర లీటరు నీళ్ల సీసా చేతిలో పెట్టింది. నేను నవ్వాను. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్న కథలు వింటూ పెరిగిన జిల్లాల వాళ్లం, మాకు నీళ్ల సీసానా అన్నాను. ‘ఆయన ఈటె విసరలేదు కదా బాబాయ్ గారూ’ అంది, అప్పటికి సార్ పోయి బాబాయ్ వచ్చింది. ఎనిమిదోసారికి నా చెయ్యి వణికింది. పెద్ద బరువు ఇస్తే పెద్ద కండరాలే ఆ పనిని లాగేసుకుంటాయి, చిన్నవి నిద్రపోతాయి. వాటినే లేపాలంటే ఇంత చిన్న బరువే కావాలి. రబ్బరు పట్టీ కూడా పసుపుతో మొదలు, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం. పక్క మంచం మీద డిగ్రీ చదివే ఆడపిల్ల, వాలీబాల్ ఆడుతుందట, ఆకుపచ్చ పట్టీ లాగుతుంటే నేను పసుపు లాగడం, అది వేరే చికిత్స.

లెక్కల పుస్తకం గురించి చెప్పాలి. ప్రతివాడికీ ఒక చిన్న నోటు పుస్తకం ఇస్తారు. ఏ రోజు ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, నొప్పి పదికి ఎంత, మరుసటి పొద్దున ఎంత, రాయాలి. పదికి మూడు దాటకూడదు, తెల్లారేసరికి తగ్గిపోవాలి. తగ్గకపోతే ఆ ముందు రోజు చేసినదాంట్లో ఏదో ఎక్కువైనట్టు. ఖాళీ పుస్తకంతో వెళ్తే ఆమె చికిత్స చేయదు, ఫీజూ తీసుకోదు, రాసుకుని రండి అని పంపేస్తుంది. నా కళ్ల ముందే ఒక కాంట్రాక్టరుగారిని అలా పంపింది. ఆయన మెట్ల మీద బిందెలు తన్నుకుంటూ దిగాడు.

కాళ్ల సంగతి నేను అసలు ఊహించలేదు. ఈటె విసిరే వీడియో ఉంటే తెమ్మంది. మైదానంలో కుర్రాడొకడు తీసినది ఇచ్చాను. నెమ్మదిగా తిప్పి, ఎడమ కాలు నేలకు ఆనిన చోట ఆపింది. మోకాలు వంగిపోతోంది. అది కర్రలా నిలబడితేనే పరుగులో వచ్చిన ఊపు నడుము మీదుగా భుజానికి ఎక్కుతుంది. వంగితే ఆ ఊపు నేలలోకి పోతుంది, పోయినదాన్ని భుజం ఒంటరిగా భర్తీ చేయాలి. టెన్నిస్ సర్వీసులో కొట్టే శక్తిలో సగానికి పైగా కాళ్ల నుంచి, మొండెం నుంచే వస్తుందని లెక్క కట్టారట. అద్దం ముందు ఎడమ కాలి మీద ఒంటిగా నిలబడి కొంచెం కూర్చుని లేవమంటే నా మోకాలు లోపలికి ఊగింది, తుంటి పక్కకు జారింది. భుజం నొప్పికి వచ్చి తుంటి వ్యాయామాలు చేస్తున్నానని మా ఆవిడతో చెబితే, ఆ అమ్మాయి నిన్ను ఏమార్చుతోంది అంది. వీపు పైభాగం వెనక్కి వంగడానికి కూడా వ్యాయామం ఇచ్చింది, తువాలు చుట్టి కింద పెట్టుకుని దాని మీద వాలడం. రోజంతా కౌంటరు వెనుక వంగి కూర్చునే ఉద్యోగం, వీపు అలాగే గట్టిపడింది.

ఇక విసరడం. నొప్పి లేకుండా వ్యాయామాలన్నీ అయ్యాక కూడా ఈటె ముట్టనివ్వలేదు. మొదట టెన్నిస్ బంతి, దగ్గర నుంచి గోడకు. తర్వాత దూరం పెంచడం. రోజు విడిచి రోజు మాత్రమే. ముందు ఎన్నిసార్లు అన్నది పెంచాలి, ఎంత గట్టిగా అన్నది తర్వాత, రెండూ ఒకే వారంలో పెంచకూడదు. ఆ తర్వాత ఈటె, నిలబడి. తర్వాత మూడు అడుగులతో. చివరికి పూర్తి పరుగు. ఏ మెట్టు మీదైనా నొప్పి మూడు దాటితే కింది మెట్టుకు దిగాలి. నేను దిగవలసి వచ్చింది, నోటు పుస్తకం చూస్తే ఎందుకో కూడా తెలిసింది: వరసగా రెండు రోజులు విసిరిన వారం అది.

ఇక్కడ నాకు ఆమె మీద ఉన్న ఫిర్యాదు. తేదీ చెప్పదు. పోటీ ఎప్పుడు, అప్పటికి తయారవుతానా అంటే, మీ అంకెలు చెప్పాలి అంటుంది. పోటీలకు పేర్లు ముందే ఇవ్వాలి, రైలు టిక్కెట్లు తీసుకోవాలి, సెలవు పెట్టుకోవాలి, తపాలా శాఖకు ‘నా అంకెలు చెప్పాలి’ అని అర్జీ రాయలేం. సుమారుగా ఇన్ని వారాలు అని ఒక గీత గీసి ఇస్తే కొంపలేమీ మునగవు.

ఇంకో ఫిర్యాదు, కాస్త పెద్దది. ఆమె లేని రోజుల్లో శిక్షణలో ఉన్న అబ్బాయి చూసుకుంటాడు. మంచివాడే, కానీ అతనికి నా భుజం కంటే ఫోను ముఖ్యం. నేను లెక్కపెట్టుకుంటూ ‘పన్నెండు’ అంటే అతను ‘సరే’ అంటాడు, ఇరవై అన్నా సరే అంటాడు. రెక్క ఎముక లేస్తోందో లేదో చూసే కన్ను ఇంకా రాలేదు. చూసే కన్ను కోసమే ఇక్కడ డబ్బు ఇస్తున్నాం కాబట్టి, ఆమె ఉంటుందో లేదో కనుక్కుని వెళ్లండి. వ్యాయామాల కాగితం ఇంగ్లిషులో ఉంటుంది, బొమ్మలు ఫోటోస్టాట్‌లో నల్లగా ముద్ద కట్టి ఏ చెయ్యి ఏదో తెలియదు. మన ఊళ్లో తెలుగులో ఒక పేజీ రాసిపెట్టడం కష్టమా? నేను రాసిస్తానన్నాను. ఇంకా అడగలేదు.

ఆమె ఎవరిని తీసుకోదో చెబితే ఎలాంటి చోటో తెలుస్తుంది. ఒక సాయంత్రం స్కూటరు మీద నుంచి పడిన నడివయసు ఆయన వచ్చాడు, చెయ్యి పక్కకు ఎత్తలేకపోతున్నాడు, రెండో చేత్తో ఎత్తి పెడితే నిలవకుండా పడిపోతోంది. ఒక్క వ్యాయామం చెప్పలేదు, ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి స్కానింగు తీయించుకోమని పంపేసింది. దెబ్బ తగిలి కఫ్ పూర్తిగా తెగితే రోజులు గడిచేకొద్దీ కుట్టడం కష్టమవుతుందట. భుజం ఊడి జారినవాళ్లను, చెయ్యి మొద్దుబారుతోందనేవాళ్లను, రాత్రుళ్లు ఏ వైపు పడుకున్నా నొప్పి తగ్గదనేవాళ్లను, జ్వరంతో భుజం వాచినవాళ్లను కూడా ముందు డాక్టరు దగ్గరికే పంపుతుంది. ఆపరేషన్ లేకుండా అన్నది అందరికీ వర్తించే మాట కాదని బోర్డు మీద రాయలేదు కానీ పనిలో చూపిస్తుంది.

నెల్లిమర్ల వైపు నుంచి ఒక ఫాస్ట్ బౌలరు వస్తాడు, డిగ్రీ కుర్రాడు. బౌలింగులో నొప్పి లేదు, బౌండరీ దగ్గర నుంచి బంతి విసిరితేనే నొప్పి. ఆదివారం మ్యాచ్ ఉంది, ఎక్కడైనా ఇంజెక్షన్ చేయించుకుంటే ఆడేయవచ్చా అని అడిగాడు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని కొన్నాళ్లు అణచగలదు, పదే పదే వేస్తే టెండన్ బలహీనపడుతుంది, నొప్పి తెలియకుండా విసిరితే ఏమి తెగుతుందో కూడా తెలియదు, వేయాలా వద్దా అన్నది డాక్టరుగారి నిర్ణయం అని చెప్పింది. మ్యాచ్‌లో బంతిని దూరం విసరనక్కర్లేని స్లిప్‌లో నిలబడమంది. 1936లో కెప్టెన్‌గా భారత క్రికెట్ జట్టును ఇంగ్లండుకు తీసుకెళ్లిన విజ్జీ గారి ఊరు ఇది, ఇక్కడ ఫాస్ట్ బౌలరును స్లిప్‌లో నిలబెట్టమని కెప్టెన్‌ను ఒప్పించడం చికిత్స కంటే కష్టం. వాడు ఒప్పించాడు.

డబ్బు విషయం. మొదటి రోజు కొలతలకు నా దగ్గర ఐదు వందలు తీసుకుంది, తర్వాత వెళ్లినప్పుడల్లా మూడు వందలు. పట్టీలు బయట కొనుక్కోవచ్చు, ఇక్కడే కొనమని లేదు. మొదట్లో వారానికి రెండుసార్లు రమ్మంది, తర్వాత వారానికి ఒకసారి, తర్వాత పదిహేను రోజులకు ఒకసారి. వచ్చే సార్లు తానే తగ్గించే చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. ప్యాకేజీలు లేవు. రశీదు అడిగితేనే ఇస్తారు, అడగండి.

ఫలితం ఏమిటంటారా. నాలుగో నెలలో మళ్లీ కొలిస్తే కుడి చెయ్యి లోపలికి 47, బయటికి 103. మొత్తం 150, ఎడమతో తేడా నాలుగు. త్రాసు మీద బయటికి లాగే బలం పది కిలోలు దాటింది. రెక్క ఎముక దించేటప్పుడు ఇంకా కొంచెం లేస్తుంది, మునుపటి అంత కాదు. ఎమ్మారై మళ్లీ తీయించలేదు, చిరుగు అక్కడే ఉండి ఉంటుంది. ఈటె విసురుతున్నాను. నా పాత దూరానికి రెండు మీటర్లు తక్కువ పడుతోంది, అందులో భుజం వాటా ఎంతో, వయసు వాటా ఎంతో విడదీయలేను. చలికాలం పొద్దున్నే, ఒళ్లు వేడెక్కకముందు విసిరితే ఆ పాత చోట చిన్నగా తెలుస్తుంది. పదికి రెండు అని రాసుకుంటాను. వారానికి మూడు రోజులు పట్టీ వ్యాయామాలు ఇప్పటికీ ఉన్నాయి, విసిరినన్నాళ్లూ ఉంటాయట. ఈ మాట నచ్చనివాళ్లు, పది రోజుల్లో పూర్తిగా పోవాలనుకునేవాళ్లు ఈ మెట్లు ఎక్కి ఆమె సమయం, మన కుర్చీలు వృథా చేయొద్దు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. పొద్దున ఏడున్నరకు తెరుస్తారు, ఆ వేళ రద్దీ తక్కువ, దుకాణం మూసి ఉంటుంది కాబట్టి బిందెలూ ఉండవు. పైడితల్లమ్మ సిరిమాను జాతర వారంలో అటు వైపు వెళ్లే ఆలోచనే పెట్టుకోకండి. మీ ఆట వీడియో ఫోనులో ఉంచుకోండి, పక్క నుంచి తీసినది, కాళ్లు కనిపించేలా. పాత ఎమ్మారై ఉంటే కాగితంతో పాటు ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. మగవాళ్లు బనియనుతో వెళ్తే చాలు, ఆడపిల్లలు వీపు కనిపించే ఆటల బనియను లోపల వేసుకుని వెళ్లండి. తెర ఉంది కానీ సగం కొక్కేలు ఊడిపోయాయి, బాగుచేయించమని ఆమెకు చెప్పాను.